కాగితం మీద ఇరవై, ప్లేటులో నాలుగు

(మట్టి బ్యాక్టీరియా జన్యువులు చదివి కొత్త యాంటీబయాటిక్‌లు వెతకడం గురించి విశాఖపట్నంలో విద్యార్థులు, సాధారణ శ్రోతల కోసం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో హోరు వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

మందులు మట్టిలోంచి వస్తాయంటే మన ఊళ్లో పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోరు. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం చేసేవాళ్లు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. అయినా ఒక్కసారి లెక్క చూద్దాం. క్షయకి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలో రట్గర్స్‌లో, సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబులో, ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్రాడు మట్టి బ్యాక్టీరియా నుంచి దాన్ని పట్టాడు. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు. ఆ గొడవ చెప్పడం మొదలుపెడితే ఈ సాయంత్రం చాలదు. ఇవాళ క్షయ రోగులు మింగుతున్న రిఫాంపిసిన్‌కి మూలం ఫ్రాన్స్‌లో ఒక పైన్ అడవి మట్టి. వాంకోమైసిన్ బోర్నియో మట్టిలోంచి వచ్చింది. నులిపురుగుల మందు ఐవర్‌మెక్టిన్‌కి మూలమైన బ్యాక్టీరియాని జపాన్‌లో సతోషి ఒమురా ఒక గోల్ఫ్ మైదానం పక్క మట్టిలో పట్టుకున్నాడు. దానికి 2015లో నోబెల్ వచ్చింది.

మనవాడు ఒకాయన ఉన్నాడు కదా, ఆయన్ని వదిలేస్తే భీమవరం వాళ్లు ఊరుకోరు. (నవ్వులు) యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌ని, యూనివర్సిటీలో రిటైరైన మనిషిని, పిలిచి మట్టి నమూనాల పని అప్పగించారు. ఎక్కడెక్కడి నుంచో మట్టి తెప్పించారు. మిస్సోరీలో ఒక వ్యవసాయ క్షేత్రం మట్టిలో బంగారు రంగు బ్యాక్టీరియా దొరికింది. ఆరియోమైసిన్ దాని నుంచే. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1948లో లోకానికి ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు.

ఈ మందుల్లో ఎక్కువ భాగం ఒకే వర్గం బ్యాక్టీరియా చేసినవి. ఆక్టినోమైసీట్‌లు అంటాం. అందులో పెద్ద ఇల్లు స్ట్రెప్టోమైసిస్. వీటిని అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటులో ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. మామూలు బ్యాక్టీరియా నున్నగా, తడిగా, జిగురుగా ఉంటుంది. లూప్ తగిలిస్తే ఇట్టే వచ్చేస్తుంది. స్ట్రెప్టోమైసిస్ అలా రాదు. అగార్‌లోకి వేళ్లు దిగినట్టు కరుచుకుని ఉంటుంది, గీకితే ఆ ముక్క అగార్ కూడా పెళ్లగిలి వస్తుంది. పైన సుద్దపొడి చల్లినట్టు బూడిదరంగు స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి. కొన్ని కాలనీల నెత్తిన చిన్న చిన్న చుక్కలు నిలబడి ఉంటాయి. పసుపు, ఎరుపు, ఒక్కోసారి ముదురు నీలం. ఆ చుక్కలోనే మనకి కావలసిన పదార్థం ఉండొచ్చు. మూత తీస్తే వాన వాసన.

నిజంగా వాన వాసనే. తొలకరికి మట్టి నుంచి వచ్చే ఆ వాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని ఎక్కువగా చేసేవి ఇవే. చెరువు చేప తింటే మట్టి వాసన వేస్తుందని మనవాళ్లు ముఖం చిట్లిస్తారు చూడండి, సముద్రపు చేపకి అలవాటుపడ్డ నాలుకలు కదా మనవి, అది కూడా చాలాసార్లు జియోస్మినే. చెరువులో నాచులాంటి బ్యాక్టీరియా చేస్తుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థంగా మారిపోతుంది. చెరువు చేపని చింతపండు పులుసు పెట్టడంలో రుచితో పాటు రసాయనశాస్త్రం కూడా ఉంది. ఇంతకీ బ్యాక్టీరియాకి ఆ వాసనతో ఏం పని? 2020లో ఒక పరిశోధన వచ్చింది. స్ప్రింగ్‌టెయిల్స్ అని మట్టిలో గెంతే బుల్లి జీవులుంటాయి. అవి ఆ వాసనకి వచ్చి స్ట్రెప్టోమైసిస్‌ని తింటాయి, తింటూ స్పోర్లని ఒంటికి అంటించుకుని, కొన్నిటిని కడుపులో వేసుకుని, మరో చోటికి మోసుకెళ్తాయి.

సరే, అసలు విషయంలోకి వద్దాం. పాత పద్ధతి ఏమిటంటే, మట్టి తేవాలి, ఆరబెట్టాలి, నీళ్లలో కలిపి పలచన చేసి ప్లేటు మీద పరవాలి. స్టార్చ్ కేసీన్ అగార్ వాడతాం. మన ఊరి ఉక్కకి బూజు ముందు లేచిపోతుంది కాబట్టి బూజుని ఆపే మందు కలుపుతాం. 28 డిగ్రీల దగ్గర వారం, పది రోజులు ఆగాలి. వచ్చిన ఒక్కో కాలనీని తీసి, రోగకారక బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద పెట్టాలి. చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ వస్తే, దాన్ని జోన్ అంటాం, అక్కడ ఏదో మందు ఉన్నట్టు. ఈ ఒక్క పద్ధతి మీద 1940ల నుంచి 1960ల దాకా ప్రపంచం నడిచింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఎందుకంటే ఎక్కడ తవ్వినా అవే వస్తున్నాయి. మట్టిలోని ఆక్టినోమైసీట్‌లలో వందకి ఒకటి స్ట్రెప్టోమైసిన్ చేస్తుందని ఒక అంచనా. నెలల తరబడి కష్టపడి, శుద్ధి చేసి, మాస్ స్పెక్‌లో, అంటే అణువుల బరువు తూచే యంత్రంలో పెడితే, తీరా అది 1943 నాటి స్ట్రెప్టోమైసినే. కంపెనీలకి విసుగొచ్చింది. మట్టిలో ఇంక ఏమీ లేదని తీర్మానించి వెళ్లిపోయాయి.

లేదనుకున్న మాట తప్పని 2002లో తేలింది.

డేవిడ్ హాప్‌వుడ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1950లలో మొదలుపెట్టి జీవితమంతా స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే ఒక్క బ్యాక్టీరియా మీదే పనిచేశాడు. ప్రపంచంలో దాన్ని అంతగా ఎరిగినవాళ్లు లేరు. అది చేసే యాంటీబయాటిక్‌లు నాలుగని అందరికీ తెలుసు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు, తక్కిన రెండింటికి రంగు లేదు. 2002లో దాని జీనోమ్, అంటే డీఎన్ఏ మొత్తం, చదివి ప్రచురించారు. 86 లక్షల పైచిలుకు అక్షరాలు, 7,825 జన్యువులు. మన పేగుల్లో ఉండే ఈ.కోలైకి నాలుగు వేల మూడు వందల చిల్లర. ఈస్ట్‌కి ఆరు వేల దగ్గర. మట్టిలో పడి ఉండే ఈ బ్యాక్టీరియాకి ఈస్ట్ కంటే ఎక్కువ జన్యువులున్నాయి! ఆ జన్యువుల్లో ఇలాంటి ప్రత్యేక పదార్థాలు చేసే గుంపులు ఇరవైకి పైగా కనిపించాయి. నాలుగు తెలుసు, ఇరవై ఉన్నాయి. యాభై ఏళ్లు కళ్ల ముందు పెట్టుకుని చూసినదాని సంగతే ఇది.

గుంపులు అంటున్నాను కదా, మన అదృష్టమంతా అక్కడే ఉంది. ఒక పదార్థం తయారీకి కావలసిన జన్యువులు బ్యాక్టీరియాలో పక్కపక్కనే ఉంటాయి. క్లస్టర్ అంటాం. పదార్థాన్ని కట్టే ఎంజైమ్‌ల జన్యువులు, దానికి తుది మెరుగులు దిద్దేవి, బయటికి పంపేవి, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేవి, అన్నీ ఒకే చోట. ఇంకొకటి కూడా ఉంటుంది. తాను చేసిన విషం తనకే తగలకుండా కాపాడే జన్యువు. ఇది చాలా పనికొస్తుంది. ఆ రక్షణ జన్యువుని చూస్తే, ఈ విషం శత్రువు కణంలో దేన్ని దెబ్బతీస్తుందో పదార్థం చేతికి రాకముందే ఊహించొచ్చు.

జన్యువు చూసి పదార్థం ఎలా చెప్పగలం? పెళ్లి బంతి గుర్తు తెచ్చుకోండి. బఫే కాదు, విస్తళ్లు వేసి వడ్డించే బంతి. పచ్చడి పట్టుకుని ఒకడు, పప్పు గిన్నెతో ఒకడు, వెనక పులిహోర, ఆ వెనక బూరెలు. వరసలో ఎవరి చేతిలో ఏముందో గుమ్మం దగ్గర నిలబడి చూస్తే చాలు, విస్తట్లో ఏ వరసలో ఏం పడబోతోందో చెప్పేయొచ్చు. ఈ బ్యాక్టీరియాలో కొన్ని మహాకాయ ఎంజైమ్‌లు సరిగ్గా ఇలాగే పనిచేస్తాయి. మాడ్యూళ్లు వరసగా ఉంటాయి, ఒక్కో మాడ్యూలు ఒక్కో ముక్క తగిలిస్తుంది. ఎరిత్రోమైసిన్ విషయంలో 1990ల మొదట్లో ఇది బయటపడింది. మూడు పెద్ద ప్రోటీన్లు, వాటిలో ఆరు మాడ్యూళ్లు, ఆరు విడతలుగా గొలుసు పొడవు పెరుగుతుంది. అమైనో ఆమ్లాలు గుచ్చే మరో రకం ఎంజైమ్‌లున్నాయి. వాటిలో ఏ మాడ్యూలు ఏ అమైనో ఆమ్లాన్ని ఎంచుకుంటుందో దాని వరసలో కొద్దిపాటి స్థానాలు చూసి చెప్పొచ్చని 1999లో జర్మనీలో మరాహీల్ బృందం చూపించింది.

అయితే వడ్డించేవాళ్లు కూడా మనుషులే. (నవ్వులు) ఇందాకటి సీలికలర్‌లోనే, మూడు మాడ్యూళ్లున్న ఒక క్లస్టర్ చూసి, మూడు అమైనో ఆమ్లాల పదార్థం వస్తుందని, అది ఇనుముని పట్టుకునే రకమని 2000లో ఛాలిస్, రావెల్ అనే ఇద్దరు ముందే చెప్పారు. 2005లో ఛాలిస్ బృందం ఆ పదార్థాన్ని నిజంగా బయటికి తీసింది. ఇనుము లేని మీడియాలో, అంటే ఇనుము కలపని తిండిలో, పెంచితే వచ్చింది. కోయెలికెలిన్ అని పేరు పెట్టారు. ఇనుముని పట్టుకోవడం నిజమే. కానీ అందులో నాలుగు అమైనో ఆమ్లాలున్నాయి! మూడు మాడ్యూళ్లకి నాలుగెలా వచ్చాయి? మొదటివాడే రెండుసార్లు వడ్డించాడు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ఫలితం ఇదే. కాగితం చదివి చెప్పినదానిలో ముప్పావు నిజం, పావు వంతు ప్లేటు చెప్పాలి.

ఇప్పుడు విద్యార్థులతో మాట్లాడతాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి. 2011లో యాంటీస్మాష్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఉచితం. జీనోమ్ ఫైలు ఎక్కిస్తే కాసేపట్లో క్లస్టర్లన్నీ పట్టిక వేసి ఇస్తుంది. ఒక్కో వరస నొక్కితే బాణాలు బారులు తీరి కనిపిస్తాయి. ముదురు ఎరుపు బాణాలు పదార్థాన్ని కట్టే ముఖ్యమైన జన్యువులు, లేత ఎరుపువి సాయం చేసేవి, నీలం రవాణా, ఆకుపచ్చ నియంత్రణ. చివర ఒక గడిలో, తెలిసిన క్లస్టర్లతో ఎంత పోలిక ఉందో చూపిస్తుంది. స్ట్రెప్టోమైసిస్ అయితే జియోస్మిన్, ఎక్టోయిన్, హోపీన్, డెస్‌ఫెరియాక్సమిన్ అనే పాత పదార్థాల క్లస్టర్లు దాదాపు ప్రతిసారీ పలకరిస్తాయి. వాటిని దాటి కిందికి వెళ్లాలి. పోలిక బాగా తక్కువగా ఉన్న వరస దగ్గర మన చూపు ఆగుతుంది. ఏదో కొత్తది దొరికిందని గుండె వేగంగా కొట్టుకుంటుంది.

అక్కడ కొంచెం ఓపిక పట్టాలి. ఆ పోలిక తక్కువ కావడానికి చాలాసార్లు కారణం సీక్వెన్సింగే, అంటే డీఎన్ఏ చదివిన తీరే. స్ట్రెప్టోమైసిస్ డీఎన్ఏలో జీ, సీ అక్షరాలే 72 శాతం దాకా ఉంటాయి, పైగా ఈ పెద్ద మాడ్యూళ్లు ఒకదాన్నొకటి అచ్చుగుద్దినట్టు పోలి ఉంటాయి. చిన్న ముక్కలుగా చదివే పద్ధతిలో చేయిస్తే జీనోమ్ అతకదు, క్లస్టర్ మధ్యలో తెగిపోతుంది. ఒకటి రెండుగా, రెండు నాలుగుగా కనిపిస్తుంది. అలా తెగిన ముక్కల్ని కూడా లెక్కేసి, మా స్ట్రెయిన్‌లో, అంటే మేం పెంచిన రకంలో, ఇన్ని క్లస్టర్లున్నాయని పేపర్లు రాస్తున్నారు. నాకు నచ్చదు. పొడవుగా చదివే నానోపోర్, ప్యాక్‌బయో పద్ధతులు ఉన్నాయి, డబ్బు కొంచెం ఎక్కువైనా అవే చేయించండి. రెండో మాట. పట్టిక ముద్రించి, ఈ బ్యాక్టీరియా కొత్త యాంటీబయాటిక్ చేస్తుందని రాయకండి. చేయగలదేమో అని రాయండి. సీసాలో పదార్థం ఉంటేనే చేసినట్టు.

మరి ఆ సీసాలోకి ఎందుకు రాదు? జన్యువుల్లో ఇరవై ఉన్నా నాలుగే ఎందుకు కనిపించాయి? ఎందుకంటే బ్యాక్టీరియా మన కోసం మందు చేయడం లేదు, దాని అవసరానికి చేసుకుంటుంది. మట్టిలో దాని బతుకు చూడండి. తిండి ఉన్నంతకాలం తీగల్లా పాకుతుంది. తిండి అయిపోతే పాత తీగల్ని తానే చంపుకుని, ఆ సారంతో పైకి కొత్త తీగలు లేపి, స్పోర్లు కడుతుంది. ఆ సమయంలో చచ్చిన తీగల సారం కోసం చుట్టుపక్కల వాళ్లందరూ మీద పడతారు. సరిగ్గా అప్పుడే యాంటీబయాటిక్ బయటికి వస్తుంది. షేకర్ మీద ఫ్లాస్కులో గ్లూకోజ్ పోసి, పెప్టోన్ పోసి, ఒంటరిగా ఊపుతూ ఉంటే దానికేం అవసరం? చేయదు.

కాబట్టి దాన్ని నమ్మించాలి. తిండి తగ్గించిన మీడియాలో ఎన్-ఎసిటైల్ గ్లూకోజమీన్ అనే చక్కెర కలిపితే సీలికలర్ యాంటీబయాటిక్ చేయడం మొదలుపెడుతుందని 2008లో తేలింది. తన కణం గోడ విరిగినప్పుడు వచ్చే చక్కెర అది. తీగలు చచ్చిపోతున్నాయన్న కబురు దానికి అలా అందుతుంది. ఇనుము తీసేయడం ఒక దారి, కోయెలికెలిన్‌లో చూశాం. పక్కన మరో బ్యాక్టీరియాని పెంచడం ఇంకో దారి. ఇవేవీ కుదరకపోతే క్లస్టర్ మొత్తాన్ని కోసి, మచ్చికైన మరో స్ట్రెప్టోమైసిస్‌లో పెట్టి చేయిస్తారు. లేదా క్రిస్పర్ అనే జన్యువుల కత్తెరతో క్లస్టర్ ముందు గట్టి ప్రొమోటర్, అంటే జన్యువుల్ని పని చేయించే మీట, తగిలిస్తారు. ఏది పనిచేస్తుందో ముందుగా చెప్పలేం. నా దృష్టిలో ఇవాళ ఈ రంగంలో కొరత డేటాకి లేదు. ఫ్లాస్కు దగ్గర, పదార్థాల్ని వేరుచేసే కాలమ్ దగ్గర ఓపికగా నిలబడి పదార్థాన్ని శుద్ధి చేసి, దాని నిర్మాణం తేల్చే చేతులకి ఉంది. సీక్వెన్సింగ్ చౌకైంది, కెమిస్ట్ చౌక కాలేదు, కాకూడదు కూడా.

అసలు పెంచకుండానే పని చేసేవాళ్లు కూడా ఉన్నారు. మట్టిలోని బ్యాక్టీరియాలో ప్లేటు మీద పెరిగేది నూటికి ఒకటో ఏమో. న్యూయార్క్‌లో షాన్ బ్రేడీ బృందం మట్టిలోంచి నేరుగా డీఎన్ఏ లాగి, దాదాపు రెండు వేల మట్టి నమూనాల్లో ఒక రకం క్లస్టర్ల కోసం వెతికి, 2018లో మాలసిడిన్ అనే పదార్థాన్ని ప్రకటించింది. దాన్ని చేసే బ్యాక్టీరియాని వాళ్లు పెంచలేదు. అదే బృందం మరో అడుగు వేసి, జన్యువు చూసి ఊహించిన పదార్థాన్ని రసాయనికంగానే కట్టేసింది. 2022లో వచ్చిన సిలాజిసిన్ అలాంటిదే. పెంచే పద్ధతినే మార్చిన వాళ్లున్నారు. బ్యాక్టీరియాని చిన్న చిన్న అరల్లో వేసి మళ్లీ మట్టిలోనే పాతిపెట్టి పెంచితే 2015లో టీక్సోబాక్టిన్ దొరికింది.

మన పక్కనే సముద్రం ఉంది. బహామాస్ సముద్రపు అడుగు మట్టిలో సాలినిస్పోరా అనే ఆక్టినోమైసీట్ దొరికింది. ఉప్పునీళ్లు లేనిదే పెరగదు. 2007లో దాని జీనోమ్ చదివితే 17 క్లస్టర్లు, జీనోమ్‌లో పదో వంతు దాదాపు వాటికే. దాని నుంచి వచ్చిన సాలినోస్పోరమైడ్ క్యాన్సర్ మందుగా పరీక్షలదాకా వెళ్లింది. మన ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ విభాగంలో బంగాళాఖాతపు అడుగు మట్టిలోంచి ఆక్టినోమైసీట్‌లు వేరుచేసే పని దశాబ్దాలుగా ఉంది. పాత స్ట్రెయిన్లు ఎవరి ఫ్రీజర్లో బతికి ఉన్నా, వాటిని ఇప్పుడు పొడవు పద్ధతిలో చదివిస్తే బాగుంటుంది. ఒకప్పుడు జోన్ రాలేదని పక్కన పెట్టినవాటినే ముందు చదివించమంటాను.

నేను చెప్పేది అయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలో ఒక రిటైర్డ్ టీచరు: ఇంత తెలిశాక కూడా కొత్త యాంటీబయాటిక్‌లు ఎందుకు రావడం లేదు?)

మాస్టారూ, సైన్సు ఒక్కటే అడ్డం కాదండీ. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి, జీవితాంతం కొనాలి. యాంటీబయాటిక్ వారంతో సరి. పైగా కొత్తది వస్తే డాక్టర్లు దాన్ని దాచి ఉంచుతారు, దాచాలి కూడా. అమెరికాలో ఎకావోజెన్ అనే కంపెనీకి 2018లో ప్లాజోమైసిన్‌కి అనుమతి వచ్చింది, 2019లో దివాలా తీసింది. ప్రభుత్వాలు కొనుగోలుకి ముందే హామీ ఇస్తే తప్ప ఇది కదలదు.

(ఎమ్మెస్సీ విద్యార్థిని: మా కాలేజీలో సీక్వెన్సర్ లేదు సార్. మేం ఏం చేయగలం?)

సీక్వెన్సర్ అక్కర్లేదమ్మా, బయట చేయించుకోవచ్చు. అది కూడా వద్దనుకుంటే జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ ఖజానాలో వేల స్ట్రెప్టోమైసిస్ జీనోమ్‌లు ఉచితంగా ఉన్నాయి. అందులో స్ట్రెయిన్ మనకి దొరికేదేదో చూసుకో. బ్యాక్టీరియాని దాచి ఉంచే చండీగఢ్ ఎంటీసీసీలోనో, పుణె ఎన్‌సీఐఎంలోనో అడిగితే కల్చర్ పంపిస్తారు. ఒక్క క్లస్టర్ పట్టుకో. ఇరవై వద్దు. పది రకాల మీడియాలో పెంచి, ఎక్స్‌ట్రాక్ట్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని పీక్ ఏదో చూడు. షేకర్, సెపరేటింగ్ ఫన్నెల్ ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఆ పీక్ ఏమిటో చూడ్డానికి హెచ్‌పీఎల్‌సీ, అంటే కలిసిన పదార్థాల్ని విడదీసి పీకులుగా చూపే యంత్రం, ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి, వెళ్లి అడుగు. ఈ ఊళ్లో ఎవరూ కాదనరు.

(వెనక నుంచి ఒకాయన: ఎర్రమట్టి దిబ్బల్లో మట్టి తెచ్చి చూస్తే ఏమైనా దొరుకుతుందా?)

అందరూ అదే అడుగుతారండీ, ఎరుపు చూసి. దొరకొచ్చు. కానీ అది రక్షిత భూవారసత్వ ప్రదేశం, ఇప్పటికే కరిగిపోతోంది, అనుమతి లేకుండా పార పెట్టకండి. జీవవైవిధ్య చట్టం 2002 నుంచి ఉంది. మట్టిలోని బ్యాక్టీరియా కూడా దాని కిందికే వస్తుంది. విదేశీ సంస్థకి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. మీ పెరట్లో మట్టి చాలు. పైపొర తోసేసి, అరచేతి మందం లోపల, స్పిరిట్‌తో తుడిచిన చెంచాతో రెండు మూడు చెంచాలు తీయండి. తడిగా ఉంటే కాగితం మీద నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు. కవరు మీద తేదీ, చోటు, దగ్గర్లో ఉన్న మొక్క పేరు రాయండి. పెన్సిల్‌తో రాయండి, స్పిరిట్ తగిలితే పెన్ను రాత చెరిగిపోతుంది.